తడి బొటనవేలు

టికెట్టు లేనివాణ్ణి పట్టుకోవాలంటే మొహం చూడకూడదు, చేతులు చూడాలి. మొహానిదేముంది, ఎవడైనా పెద్దమనిషిలా పెట్టుకోవచ్చు. టికెట్టు లేని చేతులు మాత్రం ఒకచోట ఉండలేవు. జేబులోకి వెళ్తాయి, బయటికొస్తాయి, ముందు సీటు కమ్మీ పట్టుకుంటాయి, వదిలేస్తాయి. ఈ విద్యలో మన కండక్టరుని మించినవాడు డిపో మొత్తం మీద లేడు. టికెట్టు తీసుకోలేదని సొంత మామగారినే నడిరోడ్డు మీద దింపేసిన ఘనుడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాడు గానీ ఆ చూపు ఇంకా రిటైరవలేదు. పెళ్లికి వెళ్లినా, కూరల కొట్టుకి వెళ్లినా ఎదుటివాడి చేతుల మీదే కన్ను.

భార్యకి హెర్నియా ఆపరేషనైన మర్నాటి నుంచి ఆ కన్ను ఆసుపత్రిలో కాపురం పెట్టింది. గదిలో రెండు మంచాలు, మధ్యలో లేతాకుపచ్చ తెర. కిటికీ వైపు మంచం మీద భార్య, తలుపు వైపు మంచం మీద కాలు విరిగిన ఒక టీచరమ్మ. పొద్దున్నే నర్సులు డ్యూటీ మారే వేళకి కండక్టరు లేచి, మడత మంచం మడిచి గోడకి చేర్చి, ఫ్లాస్కు కడిగి, పేపరు తెచ్చుకుంటాడు. బొటనవేలు నాలికకి తాకించి పేజీ తిప్పుతాడు. మందుల షాపు చీటీలు వేలు తడి చేసుకుని ఒక్కొక్కటీ విడదీసి వరసలో పెడతాడు. ప్లాస్టిక్ సంచీ నోరు ఎంతకీ విడకపోతే దానికీ అదే మంత్రం. జీవితమంతా టికెట్ల కట్టలు చింపిన వేలు అది. నాలికని పలకరించకుండా ఏ పనీ మొదలుపెట్టదు. ఆయనకి మాత్రం ఆ సంగతే తెలియదు. మనం రెప్ప వేస్తున్నామని మనకి తెలుస్తుందా ఏమిటి?

ఆ తర్వాత అసలు పని. భార్య కళ్లు మూసుకుని ఉండగానే దుప్పటి మెల్లగా తొలగిస్తాడు. పొట్ట మీద కట్టు చుట్టూ అంటించిన తెల్లటి టేపు కొస ఒకటి పైకి లేపి, ఒంటికన్నుతో లోపలికి చూస్తాడు. టేపు కొస అంత తేలిగ్గా లేచే రకం కాదు. కట్టకి అతుక్కుపోయిన ఆఖరి టికెట్టుని లేపినంత ఒడుపుగా లేపి, కుట్లు చూసి, మళ్లీ నొక్కి, "ఆరుతోంది" అని గొణుక్కుని దుప్పటి కప్పేస్తాడు. నర్సులు రోజూ చూస్తూనే ఉన్నారు కదా అంటే, చూస్తున్నారు. డ్రైవరు కూడా రోడ్డు చూస్తూనే ఉంటాడు, అంతమాత్రాన కండక్టరు మెట్టు మీంచి తొంగిచూడటం మానేస్తాడా?

భార్య మీద ప్రేమని నోటితో చెప్పడం ఆ మనిషికి చేతకాదు. ఉన్న ప్రేమంతా పొద్దున్నపూట ఆ ఒంటికంట్లోనే పెట్టుకునేవాడు.

సాయంత్రం చూడవచ్చేవాళ్లని లోపలికి వదిలే వేళకి ఆయన అక్క వచ్చేది. తల్లి తర్వాత తల్లి అంతటిది. ఆవిడకి మాట ఊపిరి. గుమ్మం దగ్గర మొదలైన వాక్యం మంచం దగ్గర కూడా పూర్తయ్యేది కాదు. ఆ అంతస్తులో నర్సులందరూ ఆవిణ్ణి చాటుగా రేడియో అనేవారు. వచ్చీ రాగానే మరదలి మంచం మీదే చతికిలబడి, మొహంలో మొహం పెట్టి, పై వాటా వాళ్ల నీళ్ల తొట్టి పొంగి కింద వాటా వాళ్ల పడగ్గదిలో వాన కురిసిన వైనం చెప్పేది. మరదలు కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది. "వద్దొదినా, నవ్వితే లాగుతోంది" అంటూనే తర్వాత సంగతి అడిగేది. తెర అవతల నుంచి టీచరమ్మ కూడా, "వాళ్ల మీద పోలీసు రిపోర్టు ఇచ్చారా అండీ?" అని అందుకునేది.

అలాగే సాగిపోయి ఉంటే ఇందులో కథే ఉండేది కాదు. రేపు ఇంటికి పంపేస్తారనగా భార్యకి చలీ జ్వరమూ వచ్చాయి.

పెద్ద డాక్టరు వచ్చి కట్టు విప్పించాడు. కుట్ల వెంబడి ఎర్రగా వాచి ఉంది. ఒక కొసన చీము బొట్టు మెరుస్తోంది.

"ఇప్పుడు ఇంటికి వెళ్లడం కుదరదు. మందు మారుస్తాను. దీనికీ లొంగకపోతే కుట్లు విప్పి, లోపల శుభ్రం చేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి" అన్నాడు.

భార్య మంచం పక్క కమ్మీని గట్టిగా పట్టుకుంది. డాక్టరు వెళ్లాక, "మళ్లీ ఆపరేషనుకి ఆ చల్లగదిలోకి తీసుకెళ్తారా అండీ?" అని అడిగింది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని భయంగా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"నేనుండగా ఎవరు తీసుకెళ్తారు?" అన్నాడు. అనేశాడు గానీ ఎలా ఆపాలో తెలియదు. వరండాలోకి వెళ్లి డాక్టర్ని పట్టుకున్నాడు.

"ఇంటి దగ్గర గుండ్రాయిలా ఉన్న మనిషిని తీసుకొచ్చాం డాక్టరు గారూ. జబ్బు తగ్గిస్తారని వస్తే ఇక్కడ కొత్త జబ్బు అంటుకోవడమేమిటి?"

"అది కనుక్కోవడానికే ఈవిడున్నారు" అని డాక్టరు తన వెనక నిలబడ్డావిణ్ణి చూపించి జారుకున్నాడు.

ఆవిడ సబ్బు సిస్టర్. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి తెలుసేమో. ఆసుపత్రిలో అంటుకునే జబ్బుల్ని వెంటాడి పట్టుకోవడం ఆవిడ ఉద్యోగం. పొట్టి మనిషి, రబ్బరు జోళ్లు, అడుగుల చప్పుడు ఉండదు. ఆవిడ మలుపు తిరిగితే చాలు, కుర్ర డాక్టర్లు గోడకున్న సబ్బు సీసా మీదికి దండెత్తేవారు. ఆవిడ వచ్చి దూదిపుల్లతో చీము బొట్టు అద్ది గాజు గొట్టంలో పెట్టి మూత బిగించింది.

"జబ్బుకి కాళ్లుండవండీ. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి అది నడిచి రాలేదు. మన చేతులే దానికి బస్సు. ఎవరో ఎక్కించుకుని తీసుకొచ్చి ఇక్కడ దింపారు" అంది.

కండక్టరుకి డాక్టర్లు చెప్పిన ఏ ముక్కా ఇంత బాగా అర్థం కాలేదు.

"టికెట్టు లేకుండా ఎక్కిందన్నమాట."

"అంతే. దాన్ని దింపాలంటే చేతులు కడగాలి. వేళ్ల సందులు, గోళ్ల కింద, ముఖ్యంగా బొటనవేలి చుట్టూ. అందరూ అరచేతులు రుద్దేసి పోతారు. లోకమంతా మర్చిపోయేది బొటనవేలినే."

ఆయన ఆ వాక్యాన్ని బట్టీ పట్టేశాడు.

*

దూదిపుల్ల సంగతి తేలిన రోజు సబ్బు సిస్టర్ గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది నోట్లో ఉండే రకం సూక్ష్మజీవి. నోట్లో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది, నాకూ ఉంటుంది, మీకూ ఉంటుంది. పచ్చి గాయం మీద పడిందో, దాని బుద్ధి మారిపోతుంది. కట్టు కట్టే నర్సులు మాస్కు లేకుండా రారు, వాళ్లని గట్టిగానే అడిగాను. ఇంకెవరైనా దగ్గరగా వంగి మాట్లాడటం గానీ, తుమ్మడం, దగ్గడం గానీ చేశారా?"

నోరు అనగానే కండక్టరుకి ఇంకో మనిషి తట్టలేదు. తట్టే అవసరమేముంది? నోరంటే అక్క, అక్కంటే నోరు. మొహంలో మొహం పెట్టి పై వాటా నీళ్ల తొట్టి కథ చెబుతుంటే తుంపర్లు పడకుండా ఎలా ఉంటాయి?

"దొరికింది సిస్టర్" అన్నాడు.

"ఇది అనుమానమేనండీ, ఇంకా తేలలేదు" అని ఆవిడ అంటూనే ఉంది. కండక్టరు అప్పటికే లేచాడు.

సాయంత్రం అక్క ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసరికి తమ్ముడు గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు, నిండిపోయిన బస్సు తలుపు దగ్గర నిలబడినట్టు.

"ఒరేయ్, జరుగు. పొద్దున్న ఏమైందో తెలుసా, కింద వాటా ఆయన..."

"అక్కా, నువ్వు లోపలికి రాకూడదు."

"ఎందుకు రాకూడదు?"

"నీ నోటివల్లే దానికి చీము పట్టింది. పరీక్షలో తేలింది."

వరండాలో ఉన్నవాళ్లందరూ ఇటు తిరిగారు. అక్క నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట రాకపోవడం తమ్ముడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నా నోట్లో చీము ఉందని పరీక్షలో తేలిందా?"

"చీము కాదు, పురుగు."

మాట జారాక నాలిక కరుచుకున్నాడు గానీ ఏం లాభం? జారిన మాటని ఏ తలుపూ ఆపలేదు. అక్క ఫ్లాస్కుని నేల మీద పెట్టింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, ఏడుపు ఆపుకోవడానికో, పురుగు బయటికి రాకుండానో తెలియదు. ఏమీ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

భార్య ఆ రాత్రి ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, "వదిన మాటలు వింటుంటే నొప్పి తెలిసేది కాదండీ" అంది. తెర అవతల నుంచి టీచరమ్మ కూడా, "ఇంతకీ ఆ వాటా వాళ్లు రాజీ పడ్డారో లేదో" అని నిట్టూర్చింది.

"మీకు రోగం తగ్గాలా, కథలు కావాలా?" అని కండక్టరు ఇద్దరికీ కలిపి జవాబు చెప్పి, బొటనవేలు తడి చేసుకుని పేపరు తిప్పాడు.

*

దొంగని పట్టుకున్నాక ఊరుకునే మనిషి కాదాయన. దొంగలింకా ఉంటారని నమ్మకం. మర్నాటి నుంచి సాయంత్రం ఆ అంతస్తు తలుపు దగ్గర తనే డ్యూటీ ఎక్కాడు. సబ్బు సిస్టర్ వద్దనలేదు. చూడవచ్చేవాళ్లని ఆపలేక ఆవిడ ఎప్పుడో అలిసిపోయింది. "ఎవర్నీ తిట్టకండి, చేతులు కడిగించండి, మాస్కు ఇవ్వండి, చాలు" అంది.

ఆయన ఎవర్నీ తిట్టలేదు. తిట్టకుండానే దడ పుట్టించగలడు.

"చేతులండీ, చేతులు. కడిగినవాళ్లు ముందుకి జరగండి. అమ్మా, మీవి తడిగా ఉన్నాయి గానీ సబ్బు వాసన లేదు, వెనక్కి వెళ్లి మళ్లీ కడగండి. బాబాయ్ గారూ, ఆ పళ్ల సంచీ నేల మీద పెట్టి తీసి మంచం మీద పెడదామనే? పెట్టకండి. బొటనవేలు చూపించండి. లోకమంతా మర్చిపోయేది దాన్నే."

చేతులు కడగనివాణ్ణి ఆయన తలుపు దగ్గర నిలబడే పోల్చేవాడు. వాడి చేతులు జేబుల్లో ఉండేవి. ఒకాయనైతే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఎంతో వినయంగా వచ్చాడు. "వినయం తర్వాత, ముందు చేతులు" అని ఆయన్ని కుళాయి దగ్గరికి పంపాడు.

ఒక సాయంత్రం పెద్ద డాక్టరు ఫోనులో మాట్లాడుకుంటూ విసురుగా వస్తుంటే అలవాటుగా చెయ్యి అడ్డం పడింది.

"చేతులు సార్."

డాక్టరు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని కండక్టరుని చూశాడు, కండక్టరు డాక్టరు చేతుల్ని చూశాడు. మామగారినే దింపినవాడికి డాక్టరొక లెక్కా? డాక్టరు ఫోను జేబులో వేసుకుని, గోడ సీసా దగ్గర చేతులు రుద్దుకుని, బొటనవేళ్లు రెండూ పైకెత్తి చూపించి మరీ లోపలికి వెళ్లాడు. కుర్ర డాక్టర్లు ఆ పూట కాంటీన్లో ఇంకో సంగతి మాట్లాడుకోలేదు. సబ్బు సిస్టర్ దూరం నుంచే నవ్వింది. ఆ నవ్వు చూసి కండక్టరు ఒక అంగుళం పొడుగు పెరిగాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ బాగానే గెలిచాడు గానీ, ఇంట్లో సంగతే ముందుకి జరగలేదు. కొత్త మందు పడ్డాక వాపు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చింది. నర్సు కట్టు మార్చిన మర్నాటికల్లా అదే చోట, అదే కొసన ఎరుపు. ఆయనకి ఇది మరీ వింతగా ఉంది. అక్క రావడం లేదు, తలుపు దగ్గర ఈగని కూడా వదలడం లేదు, రోజూ పొద్దున్నే టేపు కొస లేపి తను స్వయంగా చూసుకుంటూనే ఉన్నాడు. ఇంకా ఎలా వస్తోంది?

పెద్ద డాక్టరు ఆ కొసన వేలితో చుట్టూ నొక్కి చూసి పెదవి విరిచాడు. "ఎల్లుండి వరకు చూద్దాం. తగ్గకపోతే కుట్లు విప్పేద్దాం."

భార్య కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. ఆయన దుప్పటి సర్ది, మళ్లీ సర్ది, ఇక సర్దడానికి ఏమీ లేక తలుపు దగ్గరికి డ్యూటీకి వెళ్లిపోయాడు.

*

ఆ సాయంత్రం కొత్త రకం మాస్కులు వచ్చాయి. సన్నటివి, ఒకదానికొకటి అతుక్కుపోయి కట్టగా ఉన్నాయి. కట్ట ఎడమ చేతిలోకి తీసుకోగానే కండక్టరు ఒంట్లో పాత బస్సొకటి స్టార్టయింది. తన మాస్కు గడ్డం కిందికి లాగాడు. బొటనవేలు నాలికకి తాకింది, పై మాస్కు ఫట్‌మని విడింది. ఇచ్చాడు. మళ్లీ నాలిక, మళ్లీ ఫట్. ఇచ్చాడు. రెండు కలిసి రావడం లేదు, ఒకటి కింద పడటం లేదు. వరస చకచకా కదులుతోంది. చాలా రోజులకి ఆయనకి మనసు తేలికపడింది.

వరసలో ఒకావిడ కళ్లు తప్ప మొహమంతా చీర కొంగుతో కప్పుకుని నిలబడి ఉంది. చేతులు ఎర్రబడేలా కడుక్కుంది. పక్కవాళ్లు పలకరించినా తలే ఊపుతోంది. మాట్లాడని అక్కని జన్మలో చూసి ఉండలేదు కాబట్టి కండక్టరు పోల్చుకోలేకపోయాడు. నాలిక, ఫట్, మాస్కు అందించాడు.

ఆవిడ దాన్ని రెండు గోళ్ల మధ్య చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఒరేయ్, ఇది నీ ఎంగిలిరా" అంది.

వరస ఆగిపోయింది. అప్పటికే మాస్కులు కట్టుకుని లోపలికి వెళ్తున్నవాళ్లు వెళ్తున్నట్టే ఆగి, ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు.

"ఎంగిలేమిటక్కా?"

"ఇప్పుడే కదరా నాలిక మీద అద్దుకుని తీశావు. నా ముందు ఉన్నాయనకీ అలాగే ఇచ్చావు. నా నోట్లో పురుగుందన్నావు, అమృతం నీ నోట్లోనే ఉందా?"

"నేనా? నేనెప్పుడు అద్దుకున్నాను?"

"కాదు, నేను అద్దుకున్నాను."

గొడవ విని కుళాయి దగ్గర నుంచి సబ్బు సిస్టర్ వచ్చింది. ఎవరి మాటా నమ్మలేదు. "మాటలెందుకు? ఇంకొకటి తియ్యండి, చూద్దాం" అంది.

కండక్టరు అందరి వైపూ ఒకసారి చూశాడు, నిర్దోషి చూసినట్టు. కట్ట పైకెత్తాడు. ఎంతో జాగ్రత్తగా, ఎవరూ వేలెత్తి చూపకుండా తియ్యాలని చెయ్యి ముందుకి పెట్టాడు. చెయ్యి ముందుకి వెళ్లలేదు. అందరూ చూస్తుండగా బొటనవేలు తనంతట తను పైకి లేచి, తిన్నగా వెళ్లి నాలికని పలకరించి వచ్చింది.

వరండా గొల్లుమంది. మాస్కులు ఊడదీసి బుట్టలో పడేస్తూ మరీ నవ్వారు. చేతులు వెనక్కి కట్టుకొచ్చిన పాత వినయస్థుడు, "బొటనవేలండీ, లోకమంతా మర్చిపోయేది దాన్నే" అని అప్పగించాడు. కండక్టరుకి కూడా నవ్వొచ్చింది. తడిసి మెరుస్తున్న తన వేలిని, కొత్తగా మొలిచినదాన్ని చూసినట్టు చూస్తూ నవ్వాడు. గురివింద తన నలుపు ఎరగదని ఊరికే అన్నారా అనుకున్నాడు.

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.

టేపు కొస గుర్తొచ్చింది. కట్టకి అతుక్కున్న ఆఖరి టికెట్టులా ఎంతకీ లేవని కొస. రోజూ పొద్దున్నే దాన్ని లేపుతున్నది ఈ వేలే. రోజూ ఎరుపు తేలుతున్నదీ ఆ కొసనే.

ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు. నర్సులు చూడలేదు, భార్య ఆ వేళకి నిద్రలో ఉంటుంది. నోరు మూసుకుని, రేపటి నుంచి వేలు పెట్టడం మానేస్తే పోయింది, గాయం దానంతట అది మానుతుంది. అక్క మీద పడిన మాట అక్క మీదే ఉంటుంది. ఆవిడకి పడటం అలవాటే. ఇదంతా ఆయన బుర్రలోకి వచ్చి వెళ్లింది, రాలేదంటే అబద్ధం. కుడి చెయ్యి జేబులోకి వెళ్లింది. బయటికొచ్చింది. తలుపు గొళ్లెం పట్టుకుంది, వదిలేసింది. మళ్లీ జేబులోకి వెళ్లబోతూ ఉండగా ఆయన తన చేతినే చూశాడు. ఇలాంటి చేతుల్ని ఎన్నింటిని పట్టుకున్నాడో ఆయనకే లెక్క లేదు.

"హోల్డాన్" అన్నాడు, బస్సు ఆపించినట్టు.

ఎవరితో అన్నాడో అక్కడివాళ్లకి అర్థం కాలేదు. మాస్కుల కట్ట సబ్బు సిస్టర్ చేతిలో పెట్టి, "నా దగ్గర టికెట్టు లేదు సిస్టర్" అన్నాడు. తర్వాత దుప్పటి తియ్యడం దగ్గర్నుంచి టేపు కొస నొక్కడం దాకా ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. అక్క వింటూ ఉందని తెలిసే చెప్పాడు.

సబ్బు సిస్టర్ చేతిలో కట్టని బుట్టలో వేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆ రకం నోట్లో ఉంటుందని చెప్పాను గానీ, నోటిదాకా వేలు వెళ్తుందని నాకు తట్టనేలేదు" అంది. "ఈ అంతస్తులో అందర్నీ అడిగాను, మిమ్మల్ని తప్ప. తలుపు దగ్గర కాపలా ఉన్నాయన చేతులు చూడాలని నాకు అనిపించలేదు చూడండి. నాదీ తప్పే. డాక్టరుకి నేను చెబుతాను. ఆ కట్టు మీద ఇక మీ చెయ్యి పడకూడదు."

"పడదు."

"వేలు కూడా."

"వేలు కూడా పడదు."

అక్క ఇంకా అక్కడే ఉంది. పక్కన ఇంతమంది ఉండగా ఇంతసేపు ఆవిడ మాట్లాడకపోవడం తమ్ముడికి దెబ్బ తిన్నదానికంటే ఎక్కువ నొప్పిగా ఉంది.

"నా నోరన్నావు కదరా" అంది చివరికి.

"అన్నానక్కా."

"నలుగురిలో అన్నావు."

"నలుగురిలోనే చెబుతున్నానక్కా. తప్పు నాది. నిన్ను అలా అనుండకూడదు."

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత రేడియో మళ్లీ మోగింది. "సిస్టర్ గారూ, వీడికి చిన్నప్పుడు వేలు చీకడం మాన్పించింది నేనేనండి. అమ్మ వల్ల కాలేదు, నాన్న వల్ల కాలేదు. చేదు రాసి, పక్కన కూర్చుని, నాలిక దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఒకటి వేసి మాన్పించాను. బస్సు ఉద్యోగంలో పెట్టారు, మళ్లీ మొదలెట్టాడు. మళ్లీ నాకే వచ్చిందండి ఈ పని."

*

లోపల భార్యకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. కుర్చీ లాక్కుని, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుని చెప్పాడు. ఆవిడ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగింది.

"నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"వేలు తడుపుతారని తెలియదు. కళ్లు మూసుకుని ఉండేదాన్ని కదా. పొద్దున్నే మీరు చూస్తారని తెలుసు. నిద్ర నటించేదాన్ని."

"ఎందుకూ?"

"మెలకువగా ఉన్నానని తెలిస్తే మానేస్తారని." ఆవిడ దుప్పటి అంచు సర్దుకుంది. "మీరు నన్నంత జాగ్రత్తగా చూడటం నేనెప్పుడూ ఎరగను. హాయిగా ఉండేది."

కండక్టరుకి కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యి తీస్తే అది ఎక్కడికి వెళ్తుందోనని భయం. అలాగే కూర్చున్నాడు. తెర అవతల టీచరమ్మ ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"చూడటం మానకండి" అంది భార్య. "వేలు పెట్టకుండా చూడండి."

మర్నాడు పొద్దున్న ఆయన దుప్పటి ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని వంగి కట్టు వైపు చూశాడు. పైనుంచి తెల్లటి గుడ్డ తప్ప ఏమీ కనబడలేదు. అయినా చాలాసేపు చూశాడు. ఆవిడ ఈసారి కళ్లు తెరిచే ఉంది.

సబ్బు సిస్టర్ చెప్పడంతో పెద్ద డాక్టరు కుట్లు విప్పడం వాయిదా వేశాడు. వాపు తగ్గింది, ఈసారి మళ్లీ మొదటికి రాలేదు. కొసన ఎరుపు వాడి, గోధుమరంగుకి తిరిగి, చివరికి చర్మం రంగులో కలిసిపోయింది. చల్లగది మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. "రేపు ఇంటికి వెళ్లిపోవచ్చు" అని డాక్టరు చెప్పిన సాయంత్రం, కండక్టరు మందుల షాపుకి వెళ్లి చీటీలు తీసుకుని, వాటిని విడదీయకుండా కట్టగానే పట్టుకుని తిరిగొచ్చాడు.

అంతస్తు తలుపు దగ్గర వరస ఉంది. తలుపు పక్కన స్టూలు మీద, మాస్కు కట్టుకుని, అక్క కూర్చుని ఉంది. కొత్తగా ఆ డ్యూటీ ఆవిడకి ఇచ్చింది సబ్బు సిస్టరే. మాస్కు లోపల మాట ఆగడం లేదు గానీ తుంపర ఒక్కటి బయటికి రావడం లేదు. పై వాటా నీళ్ల తొట్టి కథ వినడానికి జనం చేతులు రెండోసారి కూడా కడుక్కుంటున్నారట.

కండక్టరు వరసని దాటి ముందుకి వచ్చాడు.

"వెనక్కెళ్లు" అంది అక్క.

"అక్కా, నేనే."

"కనిపిస్తూనే ఉంది. వెనక్కెళ్లు."

వెళ్లి వరస చివర నిలబడ్డాడు. వంతు రాగానే కుళాయి దగ్గర వేళ్ల సందులు, గోళ్ల కింద రుద్దుకుని వచ్చి, రెండు చేతులూ చాచాడు. అక్క ముందుకి వంగి సబ్బు వాసన చూసింది. తిప్పి చూసింది.

"బొటనవేలేదిరా?"

ఆయన పిడికిట్లో దాచుకున్న బొటనవేలిని బయటికి తీసి చూపించాడు. దాని మీద ఏదో గోధుమరంగు పూత ఉంది. నిన్న సాయంత్రం అక్కే రాసింది. అప్పటి నుంచి మూడు పూటలూ తిండి చేదుగానే ఉంది. అలాగని ఆయన కడిగేసుకోలేదు. ఇప్పుడు సబ్బుతో కొంచెం పోయింది.

అక్క సంచీలోంచి చిన్న సీసా తీసి మూత విప్పింది. వేలిని పట్టుకుని, కొస నుంచి మొదలు దాకా, చిన్నప్పటిలాగే ఓపిగ్గా మళ్లీ రాసింది. గదిలోంచి భార్య తొంగిచూసి కుట్ల మీద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. ఈసారి లాగుతోందని అనలేదు.

పూత ఆరిందాకా ఊది, అక్క తమ్ముడి చెయ్యి వదిలేసింది.

"రైట్ రైట్" అంది.